ఆదివారం తీర్మానానికి ముందు మన ఇరవై ఫ్లాట్ల వాళ్లకూ ఒక లేఖ

ప్రెసిడెంట్ గారికి, సెక్రటరీ గారికి, విజయవాడలోని మన అపార్ట్‌మెంట్‌లోని ఇరవై కుటుంబాలకూ నమస్కారం.

బుధవారం రాత్రి మన వాట్సాప్ గ్రూపులోకి ఒక వీడియో వచ్చింది. చైనాలోని చాంగ్షా నగరంలో పది అంతస్తుల బిల్డింగ్ ఒక్క రోజులో లేచి నిలబడుతుంది. వీడియో నిజమే. 2021లో జరిగింది, 28 గంటల 45 నిమిషాల్లో నిలబెట్టామని కట్టినవాళ్లు ప్రకటించారు. దాని కింద మనవాళ్లు చాలామంది ఒకటే అడిగారు: మరి మన పాత బిల్డింగ్ కూల్చి కొత్తది కట్టడానికి పదహారు నెలలు ఎందుకు? గురువారం పొద్దుటికల్లా అల్యూమినియం షట్టరింగ్ (కాంక్రీటు పోయడానికి పెట్టే అల్యూమినియం అచ్చు పలకలు) కాంట్రాక్టర్‌కే పని ఇచ్చేద్దామని సగం మంది అనేశారు. ఆదివారం తీర్మానం అంటున్నారు.

ముప్పై నాలుగేళ్లు సైట్ ఇంజనీరుగా పనిచేశాను. మన 402లో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను. ఇల్లు ఖాళీ చేసి అద్దె కట్టాల్సిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. తొందరగా అయిపోవాలని మీ అందరిలాగే నాకూ ఉంది. గ్రూపులో నాలుగు ముక్కల్లో చెబితే అర్థం కాదని ఇంత పెద్ద లేఖ రాస్తున్నాను. పాత అపార్ట్‌మెంట్ పడగొట్టి సొంతంగా కట్టుకోవాలనుకునే వేరే అసోసియేషన్లకి కూడా పనికొస్తుందని అందరూ చదివేలా పెడుతున్నాను.

ముందు ఆ చాంగ్షా బిల్డింగ్ సంగతి. 28 గంటల్లో అయింది ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించడం. గదులు, పైపులు, వైర్లు, కిటికీలతో సహా ఆ ముక్కలన్నీ ఫ్యాక్టరీలో ముందే తయారయ్యాయి. పునాది ముందే వేసి ఉంది. ఆ గడియారం తిరగడం మొదలయ్యేసరికే చాలా పని అయిపోయింది. మన పదహారు నెలల్లో పాత బిల్డింగ్ కూల్చడం, శిథిలాలు ఎత్తడం, పైల్స్ (నేలలోకి లోతుగా దించే పునాది స్తంభాలు), వాటి తల మీద పోసే పైల్ క్యాపులు, లిఫ్టు, పెయింటు, చివరికి మీటర్లు బిగించడం కూడా ఉన్నాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడం సరికాదు.

మన దేశంలోనే దీనికంటే మంచి ఉదాహరణ ఉంది. 2021 జనవరి 1న కేంద్ర ప్రభుత్వం ఆరు ఊళ్లలో కొత్త పద్ధతుల్లో కట్టే ఇళ్లకి, లైట్ హౌస్ ప్రాజెక్టులనే పేరుతో, ఒకేరోజు శంకుస్థాపన చేసింది. ఒక్కో ఊళ్లో ఒక్కో పద్ధతి. చెన్నైలో ప్రీకాస్ట్ (కాంక్రీటు ముక్కలు వేరేచోట ముందే పోసి, తెచ్చి అమర్చడం), రాజ్‌కోట్‌లో టన్నెల్ ఫారమ్ (గోడలూ శ్లాబూ ఒకేసారి పోసే అచ్చు), అగర్తలాలో స్టీల్, ఇలా. ఒక్కో చోట సుమారు వెయ్యి ఇళ్లు, పన్నెండు నెలల్లో పూర్తి చేయాలని లక్ష్యం. అన్నింటికంటే ముందు పూర్తయిన చెన్నైలో 1,152 ఇళ్లని 2022 మే 26న ప్రారంభించారు. రాజ్‌కోట్‌లో 1,144 ఇళ్లకి అక్టోబరు వచ్చింది. మధ్యలో కరోనా రెండో వేవ్ కూడా ఉంది కాబట్టి వాళ్లని తప్పుపట్టను. వెయ్యి ఇళ్లు పదిహేడు నెలల్లో కట్టడం గొప్ప పనే. మీరు గమనించాల్సింది వేరే. ఎంత కొత్త పద్ధతి అయినా కాగితం మీద పన్నెండు నెలలు సైట్ మీదికొచ్చేసరికి పదిహేడు, ఇరవై ఒకటి అయ్యాయి. అది కూడా ఒకే రకం ఇళ్లు వెయ్యేసి ఉన్నచోట. మనవి ఇరవై.

అంత దూరం ఎందుకు, మన రాష్ట్రంలో ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లు చూశాం కదా. షియర్ వాల్ (బరువు మోసే కాంక్రీటు గోడ) పద్ధతిలో గోడా శ్లాబూ కలిపి పోశారు. బ్లాకులు చకచకా లేచాయి. ఆ తర్వాత రోడ్లు, నీళ్లు, డ్రైనేజీ, కరెంటు పనులు పూర్తికాక తాళం చెవి చేతికి రావడానికి ఏళ్లు పట్టినవాళ్లు ఎంతమందో. ఆ కుటుంబాలు అన్నాళ్లూ అద్దె కట్టాయి. అస్థిపంజరం తొందరగా లేచినంత మాత్రాన గృహప్రవేశం తొందరగా అవ్వదు.

ఇక మన చేతిలో ఉన్న మూడు కోటేషన్ల దగ్గరికి వస్తాను.

మొదటిది మామూలు ఆర్‌సీసీ ఫ్రేమ్. పిల్లర్లు, బీములు, శ్లాబు, మధ్యలో ఇటుక గోడ. చదరపు అడుగుకి 2,180 రూపాయలు, పదహారు నెలలు. రెండోది అల్యూమినియం షట్టరింగ్, అందరూ మివాన్ అనేది. 2,020 రూపాయలు, పది నెలలు. మూడోది స్టీల్ ఫ్రేమ్, పైన డెక్ షీటు (గట్లున్న ఇనుప రేకు) వేసి కాంక్రీటు. 2,540 రూపాయలు, తొమ్మిది నెలలు. పైకి చూస్తే రెండోది చవక, పైగా ఆరు నెలలు ముందు. సగం మంది దానికే చెయ్యెత్తారంటే ఆశ్చర్యం లేదు.

కోటేషన్ నాలుగో పేజీ చూడండి. మొదటి కాంట్రాక్టరూ మూడో కాంట్రాక్టరూ ఐదు అంతస్తుల ఏరియాకి రేటు వేశారు. అంతస్తుకి 4,800 అడుగులు, మొత్తం 24,000. పార్కింగ్ ఖర్చు ఆ రేటులోనే ఉంది. రెండో ఆయన పార్కింగ్‌ని కూడా ఏరియాగా లెక్కపెట్టి 28,800 అడుగులకి రేటు వేశాడు. ఆయన మోసం చేశాడని అనడం లేదు, కాగితంలో రాసే ఉంది. మనమే చదవలేదు. గుణించి చూడండి. మొదటిది 5 కోట్ల 23 లక్షలు. రెండోది 5 కోట్ల 81 లక్షల పైన. చవక అనుకున్నది 58 లక్షలు ఎక్కువ. స్టీల్‌ది 6 కోట్ల 9 లక్షల పైన, అంటే 86 లక్షలు ఎక్కువ.

కాబట్టి మొదటి మనవి ఇది. ముగ్గురినీ ఒకే ఏరియాకి, ఒకే పనుల జాబితాకి మళ్లీ కోటేషన్ ఇవ్వమనండి. ఎవరి అడుగు వాళ్లది అయితే పోల్చడం కుదరదు.

సరే, 58 లక్షలు ఎక్కువైనా ఆరు నెలలు ముందొస్తే అద్దె కలిసొస్తుంది కదా అని మూడో అంతస్తు అమ్మగారు అడిగారు. చాలా మంచి ప్రశ్న. ఇళ్లు కట్టే వాళ్లు తరచు వదిలేసే లెక్క ఇదే, అందుకే కాగితం మీద వేసి చూశాను. బయట మనకి సరిపడే ఇల్లు 16,000కి దొరుకుతుంది అనుకుందాం. ఇరవై ఇళ్లకి నెలకి 3 లక్షల 20 వేలు. పన్నెండు మంది బ్యాంకు లోను తీసుకుంటామన్నారు. కట్టే కాలంలో సగటున తలా పదిహేను లక్షలు వాడి ఉంటారనుకుంటే, ఎనిమిదిన్నర శాతం చొప్పున నెలకి వడ్డీ సుమారు 1 లక్షా 27 వేలు. రెండూ కలిపి నెలకి 4 లక్షల 47 వేలు. దాన్ని 24,000 అడుగులతో భాగిస్తే దాదాపు 19 రూపాయలు.

అంటే మనకి ఒక నెల ఆదా అయితే అడుగుకి 19 రూపాయలు మిగిలినట్టు. ఆ పందొమ్మిది గుర్తుపెట్టుకుంటే ఎవరు ఏ పద్ధతి చెప్పినా మీరే తూకం వేసుకోవచ్చు. రెండో కాంట్రాక్టర్ చెప్పిన ఆరు నెలలూ నిజంగా ఆదా అయితే 114 రూపాయలు. దానికి మనం కట్టేది అడుగుకి 244 రూపాయలు అదనం. స్టీల్ ఏడు నెలలు ఆదా చేస్తే 133, కట్టేది 360.

అసలు ఆ ఆరు నెలలు ఆదా అవుతాయా? అవ్వవని నా అనుభవం. మూడు అయితే గొప్ప. ఎందుకో చెబుతాను.

అల్యూమినియం షట్టరింగ్ సైట్‌లో నేను రెండేళ్లు చేశాను. ఇరవై అంతస్తుల టవర్లు రెండు, పక్కపక్కనే. చూడముచ్చటైన పని అది. ఒక్కో ప్యానెల్ పాతిక కిలోల లోపే ఉంటుంది, ఒక్క మనిషి ఎత్తుకుంటాడు. కింది అంతస్తులో విప్పిన ప్యానెల్‌ని శ్లాబులో వదిలిన కంతలోంచి పైకి అందిస్తుంటే పైవాడు అందుకుని అదే నంబరు చోట పెట్టి పిన్ను దూర్చి, వెడ్జి మీద సుత్తితో ఒక్క దెబ్బ వేస్తాడు. రోజంతా ఆ టకటకలే. క్రేన్ అక్కర్లేదు. గోడలూ శ్లాబూ ఒకేసారి పోత. ఎలక్ట్రికల్ పైపులు, స్విచ్ బాక్సులు అన్నీ పోతకి ముందే కడ్డీల మధ్య కట్టేస్తారు. ఇటుక పని లేదు, ప్లాస్టరింగ్ లేదు. పదో అంతస్తు దాటాక ఏడు రోజులకో శ్లాబు పోశాం.

కానీ మొదటి అంతస్తుకి ఇరవై ఆరు రోజులు పట్టింది. రెండోదానికి పదహారు. టీముకి చెయ్యి తిరగడానికి ఐదంతస్తులు పడుతుంది. మనకి ఉన్నవే ఐదు. చెయ్యి తిరిగేసరికి పని అయిపోతుంది. దానికి ముందు ఆ షట్టరింగ్ సెట్టు మన ప్లానుకి తగ్గట్టు డిజైన్ చేసి, ఫ్యాక్టరీలో చేయించి తేవడానికే రెండు మూడు నెలలు. పైల్స్ పని జరుగుతుండగా అది చేయించొచ్చు, నిజమే. అయితే ప్లాను ఆ రోజుకే ఖాయమైపోవాలి. తర్వాత స్విచ్ బోర్డు ఒక అడుగు పక్కకి జరపాలన్నా కుదరదు.

ఖరీదు సంగతి ఇంకా ముఖ్యం. మన అంతస్తు ప్లానుకి కొలిస్తే ఆ సెట్టు సుమారు 1,700 చదరపు మీటర్లు వస్తుంది. మీటరు 8,500 చొప్పున కోటీ నలభై నాలుగున్నర లక్షలు. పని అయ్యాక నలభై శాతానికి వెనక్కి తీసుకుంటారనుకున్నా మనకి 86 లక్షల పైన పడుతుంది, అడుగుకి 360 రూపాయలు. ఆ ప్యానెళ్లు జాగ్రత్తగా వాడితే రెండు వందల సార్లకి పైగా పనికొస్తాయి. మనం వాడేది ఐదు సార్లు. ఆ టవర్ల సైట్‌లో నలభై సార్లు వాడాం. ఇదే సెట్టు నలభై సార్లు వాడితే, వెనక్కి అమ్మకపోయినా, అడుగుకి 75 రూపాయలే. ఇటుక, ప్లాస్టరింగ్ మిగిలింది లెక్కేసుకుంటే అక్కడ అల్యూమినియమే చవక, అదే వేగం. అక్కడ నన్ను సలహా అడిగి ఉంటే దానికే ఓటు వేసేవాణ్ణి. కంచి పట్టుచీర మగ్గం ఒక్క చీర కోసం కొన్నట్టు ఉంటుంది మన పరిస్థితి.

డబ్బు పక్కన పెట్టినా నాకు అంతకంటే పెద్ద భయం పార్కింగ్ దగ్గర ఉంది. ఈ పద్ధతిలో బరువు మోసేది గోడలు. పైన ఐదు అంతస్తుల్లో ఉన్న గోడలన్నీ కింద పార్కింగ్‌లోకి దిగితే కార్లు తిరగవు. దిగకుండా స్టిల్ట్ (పిల్లర్ల మధ్య ఖాళీగా ఉండే పార్కింగ్ అంతస్తు) పైన ఆపేస్తే, పైన కాంక్రీటు పెట్టె, కింద సన్నటి కాళ్లు. 2001లో భుజ్ భూకంపం వచ్చినప్పుడు ఎంతో దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావరకు ఇలా కింద పార్కింగ్ ఖాళీగా వదిలినవే. విజయవాడ కూడా ఒక మోస్తరు భూకంప ముప్పు ఉన్న ప్రాంతమే. ఈ సంగతి ఎలా పరిష్కరిస్తారో ఆ కోటేషన్‌లో ఒక్క మాట లేదు. స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకంతో జవాబు అడగాలి. ఆర్‌సీసీ ఫ్రేమ్ అయినా ఇదే ప్రశ్న అడగాలి, కాకపోతే అక్కడ పిల్లర్లు పైనుంచి కిందిదాకా నేరుగా దిగుతాయి, కొన్ని చోట్ల షియర్ గోడ పెట్టుకోవడం తేలిక.

ఇంకో మాట, రోజూ బతికే ఇంటి గురించి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు మనది. ఆరంగుళాల కాంక్రీటు గోడ పడమటి ఎండకి ఇటుక గోడ కంటే చాలా ఎక్కువ వేడి లోపలికి పంపుతుంది. రాత్రి పదింటికి కూడా చెయ్యి పెడితే గోడ వెచ్చగా ఉంటుంది. పైగా ఆ గోడ కొట్టకూడదు. మన మాస్టారు గారు వంటింటికీ హాలుకీ మధ్య గోడ తీయించుకున్నారు, 203 వాళ్లు అత్తగారి కోసం బాత్‌రూమ్ తలుపు వెడల్పు చేయించుకున్నారు. షియర్ వాల్ ఇంట్లో అవేవీ కుదరవు. ఏసీ పైపుకి కంత కొట్టాలన్నా ఇంజనీరుని అడగాలి.

స్టీల్ గురించి ఎక్కువ చెప్పను. గట్టిది, తేలికది, శ్లాబు కింద సపోర్టులు అక్కర్లేదు కాబట్టి మూడు అంతస్తుల్లో ఒకేసారి పని చేసుకోవచ్చు. ఆసుపత్రులకి, ఆఫీసులకి, ఒక్క రోజు ముందు తెరిచినా లక్షలు వచ్చే చోటికి అది సరైనది. కానీ మంటల్లో స్టీల్ 550 డిగ్రీల దగ్గర సగం బలం పోగొట్టుకుంటుంది. అందుకని ఫైర్‌ప్రూఫ్ పూత తప్పనిసరి. ఆ కోటేషన్‌లో ఆ పూత లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మన స్టిల్ట్‌లో ఎన్ని రోజులు నిలిచాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ నీళ్లలో నిలబడాల్సిన స్టీల్ పిల్లర్‌కి తుప్పు పట్టకుండా చూసుకోవడం ఏటేటా ఖర్చే.

ప్రీకాస్ట్ ఎందుకు అడగలేదని ఎవరో రాశారు. మన సందు ఇరవై అడుగులు. పైన కరెంటు తీగలు. గోడ ప్యానెళ్లు మోసుకొచ్చే ట్రైలర్ మలుపు తిరగదు, క్రేన్ చెయ్యి చాపలేదు. అది అక్కడితో ఆగిపోయింది. ఎక్కడైనా స్థలం ఉన్న అసోసియేషన్ వాళ్లు దానివైపు చూస్తే మాత్రం కీళ్ల మీద కన్నేసి ఉంచండి. 1968 మేలో లండన్‌లో రోనన్ పాయింట్ అనే ఇరవై రెండు అంతస్తుల ప్రీకాస్ట్ భవనంలో పద్దెనిమిదో అంతస్తులో గ్యాస్ పేలితే, ఒక గోడ ప్యానెల్ ఎగిరిపోయి ఆ మూలంతా పేకమేడలా కిందిదాకా జారింది. నలుగురు చనిపోయారు. ప్యానెళ్లు బాగానే ఉన్నాయి, వాటిని కలిపిన తీరే బలహీనం. మన దగ్గర పేలుడు సంగతి అటుంచితే, కీలు సరిగా నింపకపోతే మొదటి వానకే చెమ్మ దిగుతుంది.

అలాగని మామూలు ఫ్రేమ్‌కి కళ్లు మూసుకుని సంతకం పెట్టమని నేను చెప్పను. మన బిల్డింగ్ కూడా మామూలు ఫ్రేమే. 1992లో కట్టారు, ముప్పై ఏళ్లు దాటగానే కూల్చాల్సి వస్తోంది. మొన్న ఏడో నంబరు పార్కింగ్ పక్క పిల్లర్‌ని చిన్న సుత్తితో తట్టాను. బోలుగా మోగింది. రెండో దెబ్బకి అరచేయంత పెచ్చు ఊడి పడింది. లోపల కడ్డీ పొరలు పొరలుగా లేస్తోంది, గోరుతో గీరితే ఎర్రటి పొడి. పెచ్చు మందం కొలిస్తే పద్నాలుగు మిల్లీమీటర్లు. పిల్లర్‌కి కడ్డీ మీద కనీసం 40 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. ఆనాడు కవర్ బ్లాకులు (కడ్డీ మీద ఆ మందం ఉండేలా పెట్టే చిన్న దిమ్మలు) పెట్టకుండా కడ్డీ పక్కన కంకర రాయి తోసి పోసేశారు. వంద రూపాయల కవర్ బ్లాకుల దగ్గర కక్కుర్తి పడినందుకు ఇరవై ఇళ్లు కూలుతున్నాయి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకని ఫ్రేమ్ కట్టించే పద్ధతి మార్చుకుందాం. పదహారు నెలల్లో శ్లాబులు పోయడానికి పట్టేది నాలుగు నెలలే. కూల్చడం, పైల్స్ కలిపి మరో నాలుగు. మిగతా ఎనిమిది నెలలు గోడలు, ప్లాస్టరింగ్, పైపులు, టైల్స్, లిఫ్టు, పెయింటు. కాలం అక్కడ పోతుంది, ఆదా కూడా అక్కడే దొరుకుతుంది. నేను చూసిన సైట్లలో టైల్స్ ఎంపికకి ఇళ్లవాళ్లు వారాలు తీసుకోవడం, లిఫ్టు ఆర్డరు ఆలస్యంగా పెట్టడం, గోడ కట్టాక తలుపు మార్చమనడం, వీటితోనే రెండు నెలలు పోయేవి. ప్లాను, టైల్స్, తలుపులు, ఎలక్ట్రికల్ పాయింట్లు పైల్స్ అయ్యేలోపు అందరం సంతకం పెట్టి ఇచ్చేస్తే ఆ రెండు నెలలూ మనవే. దానికి అదనంగా ఒక్క రూపాయి అవ్వదు.

ఇంకో నెల షట్టరింగ్‌లో సంపాదించొచ్చు. రెండు సెట్ల ప్లైవుడ్ షట్టరింగ్, సరిపడా ఇనుప జాకీలు ఉండాలని కాంట్రాక్టులో రాయిద్దాం. ఒకే సెట్టుతో చేసేవాడు పైకి వెళ్లాలంటే కింద విప్పాలి. తొందరపెడితే ముందే విప్పుతాడు. మన దేశంలో కాంక్రీటు పనుల ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం నాలుగున్నర మీటర్ల లోపు శ్లాబుకి సపోర్టులు ఏడు రోజులు, అంతకు మించితే పద్నాలుగు రోజులు ఉండాలి. బీములకి ఆరు మీటర్ల లోపు పద్నాలుగు, దాటితే ఇరవై ఒకటి. ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) కలిసిన సిమెంటు వాడితే ఇంకాస్త ఆగడం మంచిది. ఈ రోజుల్లోంచి ఒక్కటి కూడా తగ్గించమని మనం అడగకూడదు, ఆయన తగ్గిస్తానన్నా ఒప్పుకోకూడదు. గోడలకి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ బూడిదతో చేసే ఫ్లై యాష్ ఇటుక మన ఊళ్లో కావలసినంత దొరుకుతుంది, పైన మూడో శ్లాబు పోస్తుండగా కింద గోడలు మొదలుపెట్టొచ్చు.

అలా పదమూడు నెలల్లో అవుతుందని నేను నమ్ముతున్నాను. మూడు నెలలు తగ్గితే అడుగుకి 57 రూపాయలు మిగులు, రెండో షట్టరింగ్ సెట్టు అద్దె పోను కూడా లాభమే.

సెక్రటరీ గారూ, ఆదివారం తీర్మానం రెండు వారాలు వాయిదా వేయండి. ముగ్గురు కాంట్రాక్టర్లనీ 24,000 అడుగులకి, పార్కింగ్, ఫైర్ పూత, లిఫ్టు, జీఎస్టీ అన్నీ కలిపి ఒకే ఫారంలో రేటు రాసివ్వమని అడగండి. ఆ ఫారం నేను తయారుచేసి మీ ఇంట్లో ఇచ్చాను. ఆలస్యమైన ప్రతి నెలకీ 4 లక్షల 47 వేలు కాంట్రాక్టరే భరించాలని ఒక క్లాజు అందులో ఉంది. పది నెలల్లో ఇస్తానన్న ఆయన దాని కింద సంతకం పెడతాడో లేదో చూద్దాం. పెడితే ఆయన కోటేషన్ మళ్లీ తెరిచి కూర్చుంటాను. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నేను ఏడో నంబరు పార్కింగ్ దగ్గర ఉంటాను. వచ్చినవాళ్లకి ఆ పిల్లర్ చూపిస్తాను, పిల్లల్ని మాత్రం దాని కింద ఆడుకోనివ్వకండి.

ఇట్లు,
ఫ్లాట్ 402